తీర్పు వచ్చిన రోజే మార్కెట్ ఎందుకు ఎగిసింది?

2022 జూన్ 24, శుక్రవారం. న్యూయార్క్‌లో ఉదయం సరిగ్గా పది గంటలకు మిషిగన్ యూనివర్సిటీ వినియోగదారుల సర్వే తుది అంకెలు వచ్చాయి. పది దాటిన కొద్ది నిమిషాలకే వాషింగ్టన్‌లో అమెరికా సుప్రీంకోర్టు డాబ్స్ కేసులో తీర్పు బయటపెట్టింది. గర్భస్రావాన్ని రాజ్యాంగ హక్కుగా గుర్తించిన 1973 నాటి 'రో వర్సెస్ వేడ్' తీర్పు దాంతో చెల్లకుండా పోయింది. సాయంత్రం అమెరికా షేర్ మార్కెట్ మూసేసరికి ఎస్ అండ్ పీ 500 సూచీ 3 శాతానికి పైగా, డౌ జోన్స్ 823 పాయింట్లు పెరిగాయి. ఎస్ అండ్ పీకి 2020 మే తర్వాత ఒక్కరోజులో అంత లాభం అదే మొదటిసారి.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒళ్లు మండుతుంది. దేశంలో సగం మంది హక్కు పోయిన రోజున వాల్ స్ట్రీట్ పండగ చేసుకుందా అనిపిస్తుంది. కానీ ఆ రోజు సూచీ పెరగడానికి తీర్పుతో సంబంధం లేదు. పది గంటలకు వచ్చిన ఆ సర్వే అంకె చూడండి. రాబోయే ఐదు నుంచి పదేళ్లలో ధరలు ఏటా ఎంత పెరుగుతాయని జనం అనుకుంటున్నారు అన్నది అందులో ఒక ప్రశ్న. రెండు వారాల క్రితం వచ్చిన ప్రాథమిక అంచనాలో అది 3.3 శాతం. దాన్ని చూసే అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ ఉలిక్కిపడింది. జూన్ 15న వడ్డీ రేటును ఏకంగా 0.75 శాతం పెంచినప్పుడు, ఛైర్మన్ జెరోమ్ పావెల్ విలేకరుల సమావేశంలో ఆ అంకెను ప్రత్యేకంగా ప్రస్తావించారు. 24న తుది లెక్కలో అది 3.1కి దిగింది. ఫెడ్ ఇక కాస్త మెత్తబడుతుందని ట్రేడర్లు ఊపిరి పీల్చుకున్నారు. దానికి తోడు రస్సెల్ సూచీల్లో కంపెనీలను ఏటా మార్చే రోజు కూడా అదే కావడంతో లావాదేవీలు మామూలు కంటే చాలా ఎక్కువగా జరిగాయి.

అంటే పదినిమిషాల వ్యవధిలో రెండు వార్తలు వస్తే, మార్కెట్ ఒకదాన్నే విన్నది. రెండోది ఎందుకు వినలేదన్నదే అసలు ప్రశ్న. దానికి సగం జవాబు మార్కెట్ పనిచేసే తీరులో ఉంది. మిగతా సగం, మార్కెట్లో ఎవరు ఉన్నారు, ఎవరు లేరు అన్నదాంట్లో ఉంది.

ముందు మొదటి సగం. షేరు ధర వార్తకు కదలదు, ఊహించని వార్తకు కదులుతుంది. డాబ్స్ తీర్పు ఆకాశం నుంచి ఊడిపడలేదు. మిసిసిపీ రాష్ట్రం 15 వారాల తర్వాత గర్భస్రావాన్ని నిషేధించిన చట్టంపై కేసు వింటామని సుప్రీంకోర్టు 2021 మేలోనే చెప్పింది. డిసెంబర్ 1న వాదనలు జరిగాయి. జడ్జీలు వేసిన ప్రశ్నలు విన్నవాళ్లకు గాలి ఎటు వీస్తోందో ఆ రోజే అర్థమైంది. 2022 మే 2 రాత్రి, జస్టిస్ శామ్యూల్ అలీటో రాసిన ముసాయిదా తీర్పును పొలిటికో పత్రిక బయటపెట్టింది. ఇక జూన్‌లో తెలియాల్సింది తేదీ ఒక్కటే.

చిన్న లెక్క వేద్దాం. ఈ హక్కు పోతే ఒక కంపెనీ షేరు విలువ 10 డాలర్లు తగ్గుతుందని అందరికీ తెలుసనుకోండి. వాదనలు ముగిశాక హక్కు పోయే అవకాశం 70 శాతం అని మార్కెట్ నమ్మితే, ఆ రోజుకే ధరలోంచి 7 డాలర్లు పోయినట్టు. ముసాయిదా లీకై అది 95 శాతానికి చేరితే ఇంకో రెండున్నర డాలర్లు. అసలు తీర్పు వచ్చే రోజుకి మిగిలేది అర డాలరు. టీవీల్లో బ్రేకింగ్ న్యూస్ మోగేది ఆ అర డాలరు రోజునే. ఆ రోజు ధర చూసి 'మార్కెట్ పట్టించుకోలేదు' అంటే, పెళ్లయిన నెలకు వచ్చి విందు లేదేమిటని అడిగినట్టు ఉంటుంది.

మరి లీకైన మర్నాడు చూస్తే సరిపోతుందిగా అనొచ్చు. పరిశోధకులు చేసేదీ అదే. 1969లో ఫామా, ఫిషర్, జెన్సెన్, రోల్ అనే నలుగురు ఆర్థికవేత్తలు షేర్ల విభజన మీద చేసిన అధ్యయనంతో బాగా వాడుకలోకి వచ్చిన 'ఈవెంట్ స్టడీ' పద్ధతి ఇది. ఒక కంపెనీ షేరు మామూలుగా మార్కెట్ ఒక శాతం కదిలితే ఒకటిన్నర శాతం కదులుతుందనుకుందాం. మార్కెట్ 3 శాతం పెరిగిన రోజున అది నాలుగున్నర పెరగాలి. ఐదు పెరిగితే, ఆ అదనపు అర శాతం వార్త ప్రభావం కావచ్చు. 'కావచ్చు' అనే అనాలి. ఎందుకంటే ఆ షేరు ఏ వార్తా లేని రోజున కూడా రెండు శాతం అటూ ఇటూ ఊగేదైతే, ఈ అర శాతం ఆ ఊగిసలాటలో కలిసిపోతుంది. చాలా కంపెనీలను కలిపి సగటు తీస్తే తప్ప ఏమీ చెప్పలేం.

ఆ పద్ధతికి కూడా 2022 మే నెల కలిసిరాలేదు. మే 3న ఎస్ అండ్ పీ అర శాతం కూడా కదల్లేదు. అందరూ మర్నాటి ఫెడ్ నిర్ణయం కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్నారు. మే 4న ఫెడ్ వడ్డీ అర శాతం పెంచి, అంతకంటే పెద్ద పెంపు ఇప్పుడే లేదని సూచించగానే సూచీ 3 శాతం ఎగిసింది. మే 5న మూడున్నర శాతం పడింది, డౌ వెయ్యికి పైగా పాయింట్లు పోగొట్టుకుంది. ఇంత హోరులో కోర్టు ముసాయిదా గుసగుసను వేరు చేసి వినగలిగే పరికరం ఎవరి దగ్గరా లేదు.

అసలు రో తీర్పు వచ్చిన 1973 జనవరి 22 సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. డౌ జోన్స్ అప్పటికి పదకొండు రోజుల ముందే, జనవరి 11న గరిష్ఠాన్ని తాకింది. అక్కడి నుంచి 1974 డిసెంబర్ దాకా దాదాపు 45 శాతం పడిపోయింది. తేదీలు పక్కపక్కన పెట్టి కారణాలు చెప్పేవాళ్ల లెక్క ప్రకారం అయితే, హక్కు ఇచ్చినప్పుడు మార్కెట్ కూలింది, తీసేసినప్పుడు ఎగిసింది. 1973లో చమురు సంక్షోభం, ద్రవ్యోల్బణం నడిచాయని తెలిసినవాళ్లెవరూ ఈ లెక్క వేయరు. కానీ 2022 విషయంలో అదే పొరపాటు చాలా తేలిగ్గా జరిగిపోతుంది.

ఇప్పుడు రెండో సగం. నాకు ఇదే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది. తీర్పు వల్ల నేరుగా లాభమో నష్టమో పొందేది ఎవరు? క్లినిక్‌లు. వాటిలో పెద్ద పేరైన ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ లాభాపేక్ష లేని సంస్థ, మిగతావి చాలావరకు డాక్టర్లు సొంతంగా నడిపేవి. మందు కంపెనీలు? గర్భస్రావానికి వాడే మిఫెప్రిస్టోన్ మాత్రకు 2000 సెప్టెంబర్‌లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అప్పట్లో దాన్ని అమ్మేది డాంకో లేబొరేటరీస్, 2019 నుంచి జెనరిక్ రూపంలో జెన్‌బయోప్రో. రెండూ ప్రైవేటు కంపెనీలే, వాటి షేర్లు ఎక్కడా దొరకవు. తీర్పు వచ్చిన వారాంతంలో షాపుల్లో అత్యవసర గర్భనిరోధక మాత్రల కోసం జనం ఎంతగా ఎగబడ్డారంటే, అమెజాన్, రైట్ ఎయిడ్, సీవీఎస్ ఒక్కొక్కరికి మూడు పెట్టెలకు మించి ఇవ్వమని పరిమితి పెట్టాయి. మరి ఆ మాత్రల్లో అందరికీ తెలిసిన ప్లాన్ బీ యజమాని? అదీ ప్రైవేటు ఈక్విటీ, అంటే కంపెనీలను షేర్ మార్కెట్ బయట కొని నడిపే పెట్టుబడి సంస్థల చేతిలో ఉన్న కంపెనీయే. అల్మారా ఖాళీ అవుతున్నది కళ్లకు కనిపిస్తోంది, దాని మీద పందెం కాయడానికి మాత్రం షేరు లేదు.

షేర్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీలు లేకపోలేదు. జర్మనీకి చెందిన బేయర్ గర్భాశయంలో అమర్చే గర్భనిరోధక సాధనం మిరేనా తయారుచేస్తుంది. కూపర్ కంపెనీస్ దగ్గర రాగి పరికరం పారాగార్డ్ ఉంది. 2021లో మెర్క్ నుంచి విడిపోయిన ఆర్గనాన్ చేతి చర్మం కింద పెట్టే నెక్స్‌ప్లానాన్ అమ్ముతుంది. అయితే బేయర్ షేరు కొన్నవాడికి నిద్ర పట్టనివ్వనిది మిరేనా కాదు. 2018లో మోన్‌శాంటోను కొన్నాక మీద పడ్డ రౌండప్ కలుపుమందు కేసులు. కూపర్‌కు సింహభాగం రాబడి కాంటాక్ట్ లెన్సుల నుంచి వస్తుంది. గర్భస్రావంలో రెండో మాత్రగా వాడే మిసోప్రోస్టాల్‌ను సైటోటెక్ పేరుతో ఫైజర్ అమ్ముతుంది కదా అంటే, 2022లో ఫైజర్ మొత్తం అమ్మకాలు సుమారు పదివేల కోట్ల డాలర్లు. అందులో సగానికి పైగా కోవిడ్ టీకా, కోవిడ్ మాత్రలవే. సముద్రంలో కాకిరెట్ట ఎంతో, ఆ లెక్కల్లో సైటోటెక్ అంత.

ఇక మిగిలింది చిన్న కంపెనీలు. నిజమైన కదలిక కనిపించింది వాటిలోనే. ఫెక్సీ అనే హార్మోన్లు లేని గర్భనిరోధక జెల్ తయారుచేసే ఎవోఫెమ్, ట్విర్లా అనే గర్భనిరోధక ప్యాచ్ అమ్మే ఎజైల్ థెరప్యూటిక్స్ షేర్లు తీర్పు తర్వాత భారీగా ఎగిశాయి. ఆలోచన తేలిగ్గానే అర్థమవుతుంది: గర్భస్రావం కష్టమైతే గర్భనిరోధకాలకు గిరాకీ పెరుగుతుంది. పైగా ఈ కంపెనీలకు ఒకటే ప్రధాన ఉత్పత్తి, కాబట్టి పందెం సూటిగా తగులుతుంది. అయితే గిరాకీ పెరిగితే సరిపోదు. డాక్టరు చీటీ రాయాలి, బీమా కంపెనీ డబ్బు కట్టాలి, ఊరూరా తిరిగి మందు గురించి చెప్పడానికి మనుషులు కావాలి, వాళ్ల జీతాలకు చేతిలో నగదు ఉండాలి. రెండు కంపెనీలకూ ఆ నగదుకే కటకట. ఎవోఫెమ్ అదే ఏడాది నాస్‌డాక్ ఎక్స్ఛేంజ్ నుంచి దిగిపోయి, ఎక్స్ఛేంజీల బయట షేర్లు చేతులు మారే ఓటీసీ మార్కెట్‌కు చేరింది. ఎజైల్‌ను 2024లో స్పెయిన్‌కు చెందిన ఇన్సుడ్ ఫార్మా కొనేసింది. తీర్పు వేడి మీద కొని, కథ మంచిదే కదా అని పట్టుకు కూర్చున్నవాడికి చేతిలో చిప్పే మిగిలింది.

పెద్ద కంపెనీల మీద ప్రభావం ఎంత ఉంటుందో కూడా ఒకసారి కూడి చూద్దాం. తీర్పు రోజునే డిక్స్ స్పోర్టింగ్ గూడ్స్ తమ ఉద్యోగులు గర్భస్రావం కోసం వేరే రాష్ట్రానికి వెళ్లాల్సి వస్తే 4,000 డాలర్ల దాకా ప్రయాణ ఖర్చు ఇస్తామంది. సిటీగ్రూప్ మార్చిలోనే ఇలాంటి హామీ ఇచ్చింది, అమెజాన్ మేలో ఇచ్చింది. లక్షమంది ఉద్యోగులున్న ఒక కంపెనీని ఊహించుకోండి. ఏడాదికి రెండు వందల మంది ఈ సాయం పూర్తిగా వాడుకున్నా అయ్యేది 8 లక్షల డాలర్లు. అలాంటి కంపెనీకి అది కాఫీ యంత్రాల ఖర్చు. వార్తల్లో మూడు రోజులు నలిగిన నిర్ణయం లాభనష్టాల పట్టికలో పైసా కూడా కదపదు.

వాల్‌గ్రీన్స్ ఉదంతమూ అంతే. 2023 జనవరిలో మందుల షాపుల్లో మిఫెప్రిస్టోన్ అమ్మడానికి ఎఫ్‌డీఏ దారి తెరిచింది. దాదాపు ఇరవై రాష్ట్రాల రిపబ్లికన్ అటార్నీ జనరల్‌లు హెచ్చరిక లేఖలు రాయడంతో ఆ రాష్ట్రాల్లో అమ్మబోమని వాల్‌గ్రీన్స్ చెప్పింది. దానికి ఒళ్లు మండి కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్ ఆ కంపెనీతో ఇక వ్యాపారం లేదన్నారు. రాష్ట్రం పునరుద్ధరించకుండా ఆపేసింది ప్రధానంగా జైళ్లకు మందులు సరఫరా చేసే 5.4 కోట్ల డాలర్ల కాంట్రాక్టు. అప్పట్లో వాల్‌గ్రీన్స్ ఏడాది అమ్మకాలు 13,000 కోట్ల డాలర్ల పైమాట. వంద డాలర్లలో సుమారు నాలుగు సెంట్లు. ఆ కంపెనీ షేరు తర్వాత చాలా పడింది నిజమే, కానీ దాని జబ్బు వేరు: మందుల మీద తరిగిపోతున్న లాభం, కలిసిరాని క్లినిక్ వ్యాపారం.

ఎలై లిల్లీ కథ నాకు మరీ ఇష్టం. 2022 ఆగస్టులో ఇండియానా రాష్ట్రం గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. నూరేళ్లకు పైగా అక్కడే ఉన్న లిల్లీ, ఇకపై మా విస్తరణ ఎక్కువగా సొంత రాష్ట్రం బయట ఉండేలా చూసుకోవాల్సి వస్తుందని ప్రకటించింది. కంపెనీలు సాధారణంగా అంత బహిరంగంగా మాట్లాడవు. మరి షేరు? అదే ఏడాది మేలో అనుమతి పొందిన మధుమేహం మందు మౌంజారో, తర్వాత వచ్చిన బరువు తగ్గించే మందు జెప్‌బౌండ్ దాన్ని ఆకాశానికి ఎత్తాయి. 2025 నవంబర్‌లో కంపెనీ విలువ లక్ష కోట్ల డాలర్లను తాకింది. ఇండియానాలో పనిచేయడానికి రానన్న శాస్త్రవేత్త వల్ల లిల్లీ ఎంత పోగొట్టుకుందో ఆ ధరలోంచి ఎవరు విడదీయగలరు? నష్టం ఉండి ఉండవచ్చు. దాని పక్కన కొండంత లాభం నిలబడితే అది కనిపించదు.

చట్టం కంటే కోర్టు పద్ధతి మందు కంపెనీలను భయపెట్టిన సందర్భం ఒకటుంది. 2023 ఏప్రిల్ 7న టెక్సస్‌లోని అమరిల్లోలో మాథ్యూ కాస్మారిక్ అనే ఫెడరల్ జడ్జి, ఇరవై మూడేళ్ల కిందటి మిఫెప్రిస్టోన్ అనుమతినే నిలిపేస్తూ ఆదేశం ఇచ్చారు. విచిత్రం ఏమిటంటే ఆ రోజు గుడ్ ఫ్రైడే, న్యూయార్క్ షేర్ మార్కెట్‌కు సెలవు. సోమవారానికల్లా వందలమంది ఫార్మా, బయోటెక్ అధిపతులు బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. వారిలో ఫైజర్ సీఈఓ ఆల్బర్ట్ బూర్లా కూడా ఉన్నారు. ఆ మాత్ర అమ్మని కంపెనీలకు అంత టెన్షన్ ఎందుకంటే, ఒక జడ్జి తన సొంత అంచనాతో ఎఫ్‌డీఏ అనుమతిని చెరిపేయగలిగితే రేపు ఏ మందుకైనా ఆ గతి పట్టొచ్చు. మందు కంపెనీల వ్యాపారమంతా ఆ ముద్ర మీదే నిలబడి ఉంది. అయినా సోమవారం ఫార్మా షేర్లు కూలలేదు. అప్పటికే అదే శుక్రవారం వాషింగ్టన్ రాష్ట్రంలో మరో జడ్జి సరిగ్గా ఉల్టా ఆదేశం ఇచ్చి ఉన్నారు, వ్యవహారం పైకోర్టుకు వెళ్తుందని అందరికీ తెలుసు. రెండు వారాల్లో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని ఆపేసింది. 2024 జూన్‌లో, పిటిషనర్లకు ఈ కేసు వేసే అర్హతే లేదని ఏకగ్రీవంగా తేల్చింది. నిర్వాహకులు గుండెలు బాదుకుంటుంటే ఇన్వెస్టర్లు తాపీగా ఉన్నారు. ఈసారి ఇన్వెస్టర్ల లెక్కే నిజమైంది.

ప్రతిసారీ వాళ్ల లెక్క నిజం కాదు. చైనా చూడండి. 2015 అక్టోబర్ 29న చైనా ఒకే బిడ్డ నిబంధనకు స్వస్తి చెప్పి, దంపతులందరికీ ఇద్దరు పిల్లల్ని అనుమతిస్తామని ప్రకటించింది. పాలపొడి కంపెనీల షేర్లు లేచాయి. మర్నాడు టోక్యోలో కండోమ్‌లు తయారుచేసే ఒకామోటో ఇండస్ట్రీస్ షేరు దాదాపు 10 శాతం పడింది. ఒకామోటో గోడలకు అంటించే కాగితం, కార్ల లోపలి తొడుగులు, ప్లాస్టిక్ ఫిల్ములు కూడా చేస్తుంది. కానీ ఆ ఏడాది చైనా పర్యాటకులు జపాన్ వచ్చి దాని కండోమ్‌లు సంచులకొద్దీ కొనుక్కెళ్తున్నారన్న కథ మీదే ఆ షేరు పరుగెత్తింది. కథకు ఎదురు కథ రాగానే జారింది. ఇద్దరు పిల్లలకు అనుమతి ఉన్నంత మాత్రాన జనం కండోమ్‌లు మానేస్తారా అని ఆ రోజు ఎవరూ ఆగి ఆలోచించినట్టు లేదు.

తర్వాత ఏమైంది? 2015లో చైనాలో పుట్టిన పిల్లలు కోటీ 65 లక్షలు. 2016లో కోటీ 79 లక్షల దాకా పెరిగింది. అంతే, అక్కడి నుంచి 2023 దాకా ఏటా దిగడమే. 2020లో కోటీ 20 లక్షలు. 2021 మే 31న ముగ్గురికి అనుమతి అన్నారు. హాంకాంగ్‌లో పసిపిల్లల తోపుడు బండ్లు, సంతాన చికిత్స కంపెనీల షేర్లు మళ్లీ ఎగిశాయి. 2023లో పుట్టినవాళ్లు 90 లక్షలు. 2021 ఆరంభంలో శిఖరం మీదున్న పాలపొడి దిగ్గజం ఫెయిహె షేరు, తర్వాత మూడేళ్లలో విలువలో మూడొంతులకు పైగా పోగొట్టుకుంది. చట్టం 'కనొచ్చు' అంటే జనం 'కంటాం' అన్నట్టు మార్కెట్ చదువుకుంది. ఇంటి అద్దె, బడి ఫీజు, తల్లి ఉద్యోగం ఆ చదువులో లేవు. అనుమతి ఒక్క రోజులో వస్తుంది, బిడ్డను కనాలన్న నిర్ణయం అలా రాదు.

అమెరికా విషయంలో కూడా అసలు ఆర్థిక ప్రభావం ఉండేది ఇక్కడే, ఇంటి లెక్కల్లో. డాబ్స్ కేసులో 154 మంది ఆర్థికవేత్తలు, పరిశోధకులు కోర్టుకు ఒక నివేదిక సమర్పించారు. గర్భస్రావం అందుబాటులో ఉండటం మహిళల చదువు, ఉద్యోగం, ఆదాయం మీద చూపిన ప్రభావాన్ని దశాబ్దాల పరిశోధనతో అందులో చూపించారు. గర్భస్రావం కోరి దొరకని మహిళల అప్పుల రికార్డులను పరిశీలించిన ఒక అధ్యయనంలో, గడువు దాటిన బాకీలు 78 శాతం పెరిగినట్టు తేలింది. ఇవి నిజమైన డబ్బే. కానీ ఆ బాకీ పడ్డ మనిషికి స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో షేరు లేదు. చదువు ఆపేసిన అమ్మాయి ఇరవై ఏళ్ల తర్వాత సంపాదించి ఉండే జీతం ఏ కంపెనీ ఖాతాలోనూ లేదు. ఉన్నా, ఏటా 8 శాతం చొప్పున వెనక్కి లెక్కగడితే ఇరవై ఏళ్ల తర్వాతి డాలరు ఇవాళ 21 సెంట్లు. అది వందలాది కంపెనీల మధ్య చీలిపోతే కంటికి ఆనదు.

2022 మే 10న అమెరికా ఆర్థికమంత్రి జానెట్ యెలెన్ సెనేట్ బ్యాంకింగ్ కమిటీ ముందు ఈ మాటే చెప్పారు. పిల్లల్ని ఎప్పుడు కనాలో, అసలు కనాలో వద్దో నిర్ణయించుకునే హక్కు మహిళల నుంచి పోతే ఆర్థిక వ్యవస్థకు తీవ్ర నష్టమని. ఇంత బాధాకరమైన విషయాన్ని శ్రామికశక్తి లెక్కల్లోకి దించుతారా అని సెనేటర్ టిమ్ స్కాట్ తప్పుపట్టారు. వాదన కాసేపు వాడిగానే నడిచింది. ట్రేడింగ్ తెరల ముందు కూర్చున్నవాళ్లు మాత్రం మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు రాబోయే ఏప్రిల్ ద్రవ్యోల్బణం అంకె కోసం చూస్తున్నారు. అది 8.3 శాతంగా వచ్చింది.